గ్యాసేలే అనుకుంటే...

రాత్రి తొమ్మిదిన్నర. అన్నం తిని వాకిట్లో మంచం వాల్చుకున్న మనిషికి ఉన్నట్టుండి రొమ్ములో బరువు. ఎద మీద ఇసుర్రాయి పెట్టినట్టు. ఒళ్లంతా చెమట. ఇంట్లోవాళ్లు వాము నమిలిస్తారు. పిల్లాణ్ని పంపి సోడా తెప్పిస్తారు. ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ సూది వేసి పోతాడు. 'పొద్దుగాల చూద్దాం తియ్' అనుకుని అందరూ పడుకుంటారు. తెల్లారేసరికి మనిషి ఉండడు.

అటు దేవరకొండ, మిర్యాలగూడ... ఇటు అచ్చంపేట, కొల్లాపూర్... ఎక్కడికెళ్లి అడిగినా ఇలాంటి కథ తెలియని ఊరు ఉండదు. 'రాత్రి మంచిగనే మాట్లాడిండు, తెల్లారేసరికి పోయిండు' అని చెప్పుకొంటారు. గుండెపోటుకు మందు లేక పోయిన ప్రాణం కాదది. గుండెపోటని తెలియక, తెలిసేసరికి పొద్దెక్కి పోయిన ప్రాణం. మందులున్నాయి, సూదులున్నాయి, స్టెంట్లున్నాయి, పేదలకు ఖర్చు భరించే పథకం ఉంది. వీటన్నిటికీ, మంచంలో ఉన్న మనిషికీ మధ్య ఉన్నది ఒక్క మాటే... గ్యాస్!

కడుపు మంటా? గుండె మంటా?

సినిమాల్లో గుండెపోటు ఎలా వస్తుందో మనందరికీ తెలుసు. హీరో తండ్రి ఎడమచేత్తో గుండె పట్టుకుని, ఓ మాట సగంలో ఆపి, కుర్చీలో ఒరిగిపోతాడు. నిజంగా వచ్చే గుండెపోటు అంత స్పష్టంగా చెప్పిరాదు. చాలామందికి సూదితో పొడిచినట్టు ఉండదు. ఛాతీ మధ్యలో బరువు, పిండేసినట్టు, పట్టేసినట్టు ఉంటుంది. అక్కణ్నుంచి ఎడమ భుజానికో, రెండు చేతులకో, దవడకో, వీపు మీద రెండు రెక్కల మధ్యకో పాకుతుంది. కొందరికి బొడ్డుకు పైన, పొట్ట పైభాగంలోనే మంట. గుండె అడుగుభాగం పొట్టకు ఆనుకునే ఉంటుంది మరి. అందుకే ఆ గోడకు రక్తం అందకపోతే వికారం, వాంతి వస్తాయి. తేన్పు వస్తే కాస్త తగ్గినట్టూ అనిపిస్తుంది. ఇంకేం, గ్యాస్ అని తీర్మానించేస్తాం.

షుగరు ఉన్నవాళ్ల సంగతి మరీ మోసం. ఏళ్ల తరబడి షుగరుతో నరాలు మొద్దుబారి, నొప్పే తెలియకపోవచ్చు. ఉత్త ఆయాసం, చెమట, నీరసం... అంతే. ఆడవాళ్లలో కూడా నొప్పి కంటే అలసట, దమ్ము ఆడకపోవడం, వాంతులు ముందుకు రావడం మామూలే. పైగా మన ఇళ్లల్లో అమ్మకో, అత్తకో 'ఎట్లనో అయితుంది' అంటే పనెక్కువై అనుకుంటాం తప్ప ఈసీజీ తీయిద్దామనుకోం.

ఇంట్లో కూర్చుని ఇది గ్యాసో గుండో తేల్చడం డాక్టరుకు కూడా సాధ్యం కాదు. తేల్చేది ఈసీజీ. దవడకూ బొడ్డుకూ మధ్య ఎక్కడైనా సరే... బరువో, మంటో, పట్టేసినట్టో వచ్చి, చెమటలు గానీ ఆయాసం గానీ తోడై, పావుగంట దాటినా తగ్గకపోతే అది గుండె అనే అనుకోవాలి. తీరా ఈసీజీలో ఏమీ లేదని తేలితే పోయేదేముంది? ఓ రాత్రి నిద్ర. అన్నట్టు, మొదటి ఈసీజీ బాగుందన్నంత మాత్రాన ఇంటికి వచ్చేయకూడదు. నొప్పి ఉంటే కొద్దిసేపటి తర్వాత మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా చేయాలి.

చివరి ఆయకట్టు ఎండినట్టు...

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒళ్లంతటికీ రక్తం పంపే ఈ కండరానికి కూడా రక్తం కావాలి. అది తెచ్చేవి గుండెను అల్లుకున్న కరోనరీ రక్తనాళాలు. సాగర్ ఎడమ కాల్వ కింద వ్యవసాయం చేసేవాళ్లకు దీన్ని వివరించాల్సిన పనిలేదు. మేజరు కాల్వకు అడ్డం పడితే దాని కింద ఆయకట్టంతా ఎండుతుంది. గుండెలోనూ అంతే.

కాకపోతే ఒక తేడా. పూడిక పేరుకుని పేరుకుని కాల్వ మూసుకుపోయినట్టు గుండెపోటు వస్తుందని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. నాళం గోడలో కొవ్వు పేరుకున్న చోట పైపొర ఉన్నట్టుండి చిట్లుతుంది. గాయమైందనుకుని రక్తం అక్కడ గడ్డ కడుతుంది. నిన్నటిదాకా సగమైనా మూసుకోని నాళం నిమిషాల్లో పూర్తిగా మూసుకుపోతుంది. నిన్న పొలం దున్నిన మనిషి ఇవాళ కుప్పకూలడానికి కారణం ఇదే.

నాళం మూసుకున్న ఇరవై నిమిషాల నుంచే కండరం చావడం మొదలవుతుంది. అది పొలంలా కాదు... మళ్లీ నీళ్లు పెడితే పచ్చబడదు. మొదటి గంటలో నాళం తెరిస్తే చాలావరకు దక్కుతుంది. ఆపైన గంట గంటకూ దక్కేది తగ్గిపోతుంది. పన్నెండు గంటలు దాటితే గడ్డ కరిగించే సూదితో ప్రయోజనం దాదాపు ఉండదు. రాత్రి తొమ్మిదిన్నరకు నొప్పి వచ్చిన మనిషిని పొద్దున తొమ్మిదింటికి బస్సెక్కిస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి.

మన దగ్గర ఆ లెక్క ఇంకా కష్టం. నల్లగొండ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ హైదరాబాద్ చెరో వంద కిలోమీటర్లు. గద్వాల నుంచి అంతకు దాదాపు రెట్టింపు. నల్లమల అంచున ఉన్న ఊళ్ల నుంచి రోడ్డు మీదికి రావడానికే ఎంతో కొంత సమయం పోతుంది. అందుకే 'హైదరాబాద్ తీసుకుపోదాం' అని కారు కోసం వెతకడం కంటే ముందు చేయాల్సిన పని 108కు ఫోన్ చేయడం. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సర్వీసిది. గుండెపోటు వచ్చిన మొదటి గంటలోనే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అద్దె కారులో అలా జరిగితే డ్రైవరు చేయగలిగింది హారన్ కొట్టడమే. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడమైతే మరీ ఘోరం. ఆ మనిషిని నడిపించకూడదు, మెట్లు ఎక్కించకూడదు.

ఆస్పిరిన్ మాత్ర సంగతి చాలామంది వినే ఉంటారు. అలర్జీ లేకపోతే, కడుపులో పుండు నుంచి రక్తం పోయిన చరిత్ర లేకపోతే, మూతి వంకరపోవడం లాంటి పక్షవాతం లక్షణాలు లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించమంటారు వైద్యులు. 108 సిబ్బందిని ఫోన్లోనే అడిగి ఇవ్వడం మంచిది. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర మాత్రం పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చి పెట్టకండి. బీపీ పడిపోయి ఉన్న మనిషికి అది ఇంకా పడిపోయేలా చేస్తుంది.

మనిషి స్పృహ తప్పి, పిలిచినా పలక్కుండా, ఊపిరి ఆడకుండా పడిపోతే మాత్రం మాత్రల సమయం దాటిపోయినట్టే. రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు దిగేలా బలంగా నొక్కుతూ ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. 2023లో వరసగా కొందరు కుర్రాళ్లు కుప్పకూలి చనిపోయాక తెలంగాణ ప్రభుత్వం ఈ సీపీఆర్ శిక్షణను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మీ ఊళ్లో ఎప్పుడైనా పెడితే పెళ్లి ఉన్నా మానుకుని వెళ్లండి.

దగ్గర ఆస్పత్రిలోనే ఓ సూది

మూసుకున్న నాళాన్ని తెరవడానికి రెండు దారులు. ఒకటి యాంజియోప్లాస్టీ... చేతి నాళం గుండానో, తొడ నాళం గుండానో సన్నటి గొట్టం పంపి, బెలూన్‌తో తెరిచి స్టెంట్ పెట్టడం. ఇదే మేలైన పద్ధతి. కానీ దీనికి క్యాథ్‌ల్యాబ్ కావాలి, చేసే డాక్టరు కావాలి, రెండు గంటల్లోపు అక్కడికి చేరగలగాలి. చేరలేమనుకుంటే రెండోది... గడ్డ కరిగించే సూది. స్ట్రెప్టోకైనేజ్ అయితే సెలైన్‌లా మెల్లగా ఎక్కిస్తారు. టెనెక్టెప్లేజ్ అయితే ఒక్క మోతాదులో అయిపోతుంది. ముందు దగ్గర్లోని ఆస్పత్రిలో ఈ సూది వేయించుకుని, ఆ తర్వాత ఇరవై నాలుగు గంటల్లోపు పెద్దాస్పత్రిలో యాంజియోగ్రామ్ చేయించుకుంటే ఫలితం బాగానే ఉంటోంది. తమిళనాడులో చిన్న ఆస్పత్రులను పెద్దాస్పత్రులతో ఇలా కలిపి చేసి చూశారు. తెలంగాణలోనూ ఈసీజీని హైదరాబాద్‌లోని గుండె వైద్యులకు పంపించి, వాళ్ల సలహాతో జిల్లాలోనే సూది వేసే పద్ధతి వచ్చింది. ఈమధ్యే మెదడులో రక్తస్రావమో, పెద్ద ఆపరేషనో అయినవాళ్లకు ఈ సూది పనికిరాదు. అది డాక్టర్లు చూసుకుంటారు.

పదిహేనేళ్ల కిందటితో పోలిస్తే ఈ రెండు పాత జిల్లాల్లో పరిస్థితి మారింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అందుకని ఆస్పత్రిలో అడుగుపెట్టగానే బంధువులు అడగాల్సిన ప్రశ్న 'హైదరాబాద్‌కు రాస్తారా?' అని కాదు. 'ఈసీజీ తీశారా, గుండెపోటేనా, కరిగించే సూది ఇక్కడ ఉందా?' అని. డాక్టరుతో ఇలా మాట్లాడటానికి మనవాళ్లు జంకుతారు. జంకాల్సిన పనిలేదు.

ఇక డబ్బు సంగతి. పాలమూరు ఈ విషయంలో ఓ చరిత్రకు మొదటి పేజీ. ఆరోగ్యశ్రీ పథకాన్ని 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. కరువుకూ వలసలకూ పేరుపడ్డ జిల్లాల నుంచే మొదలుపెట్టారన్నమాట. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల దాకా. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పరిమితి పది లక్షలు. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టొచ్చు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో కనుక్కోవడం, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోవడం... ఈ రెండూ గుర్తుంటే చాలు, ఎకరం అమ్మాల్సిన పని తప్పొచ్చు.

స్టెంట్ల ధర కథ కూడా చెప్పుకోవాలి. 1998లో క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, హైదరాబాద్ గుండె వైద్యుడు బి.సోమరాజు కలిసి తక్కువ ధరలో కలాం-రాజు స్టెంట్ తయారుచేశారు. విదేశీ స్టెంటే దిక్కనుకున్న రోజులవి. ఆ తర్వాతా మందుపూత స్టెంట్ ధర లక్ష దాటి పలికేది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మామూలు స్టెంట్‌కు 7,260, మందుపూత స్టెంట్‌కు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. తర్వాత కొద్దికొద్దిగా సవరించినా, గరిష్ఠ ధర పద్ధతి మాత్రం నిలిచింది.

ఇక్కడే ఇంకో మాట. గుండెపోటు వచ్చినప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. అదే, నడిస్తే నొప్పి, ఆగితే తగ్గడం అన్నట్టు నెలల తరబడి నిలకడగా ఉన్న జబ్బులో సంగతి వేరు. అలాంటివాళ్లలో మందులకు తోడు స్టెంట్లో బైపాసో చేసినా, మందులతోనే ఉన్నవాళ్లకంటే మరణాలు తగ్గలేదని 2019లో బయటికొచ్చిన ఇస్కీమియా అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. నొప్పి మాత్రం తగ్గింది. కాబట్టి 'మూడు బ్లాకులున్నాయి, రేపే చేయించుకోవాలి' అనగానే కంగారుపడి పొలం బేరం పెట్టకండి. నొప్పి ఎప్పుడొస్తోంది, ఎడమవైపు ప్రధాన నాళంలో అడ్డు ఉందా, గుండె పంపింగ్ ఎంత... అడగండి. సీడీ తీసుకుని మరో డాక్టరుకు చూపించండి. బైపాస్ అవసరమైనవాళ్లు నిజంగానే ఉంటారు. అది వేరే లెక్క.

పెద్దోళ్ల జబ్బేనా?

'గుండెజబ్బు బాగా తిని కూర్చునేవాళ్లకొస్తది, మట్టి పిసుక్కునే మనకెందుకొస్తది?' ఈ మాట చెల్లిపోయి చాలా కాలమైంది. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను 2003, 04లలో ఏడాదిపాటు లెక్కించి చూస్తే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాలు చాలా వెనక ఉన్నాయి. అవి పచ్చటి పల్లెలు, మనవి మెట్ట ఊళ్లు అనొచ్చు. అయితే ఇంకోటి వినండి.

1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. పక్కనే ఉన్న మరికొన్ని ఊళ్లలో అప్పటికింకా ఆ పథకం రాలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నడిపిన అధ్యయనమిది. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక పరీక్షించి చూశారు. కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ ఆ ఉప్మా అందినవాళ్ల రక్తనాళాలు మెత్తగా, సాగేగుణంతో ఉన్నాయి. ఇన్సులిన్ కూడా బాగా పనిచేస్తోంది. అందనివాళ్లలో అలా లేదు. ఫలితాలు 2008లో వచ్చాయి. అంటే కడుపు మాడిన బాల్యం పెద్దయ్యాక గుండెను వెతుక్కుంటూ వస్తుందన్నమాట. కరువు ఏళ్లలో పుట్టి, ఇప్పుడు నలభై, యాభైల్లో ఉండి, రేషన్ బియ్యం మూడుపూటలా తింటూ, ట్రాక్టరొచ్చాక నడక తగ్గించిన మనిషి ఏ కోవలోకి వస్తాడో వేరే చెప్పాలా?

నల్లగొండకు ఇంకో చిక్కుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి భుజాలు, మెడ, వీపు, మోకాళ్లు... నొప్పి లేని కీలు ఉండదు. గుండెనొప్పి భుజానికీ వీపుకీ పాకినా పాత నొప్పే అనుకునే ప్రమాదం ఒకటి. రెండోది, నొప్పికి కిరాణాకొట్లోనో మందులషాపులోనో కొనుక్కుని ఏళ్ల తరబడి మింగే బిళ్లలు. వాటిలో ఎక్కువగా వాడే డైక్లోఫెనాక్ గుండెపోటు ముప్పును పెంచుతుందని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది. బీపీని పెంచుతుంది, కిడ్నీలను పాడుచేస్తుంది. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లు దాన్ని ముట్టకూడదు. నొప్పి భరించలేనిదే, కాదనలేం. డాక్టరుకు గుండె సంగతి చెప్పి వేరే మందు రాయించుకోవాలి.

బీడీ, ఖైనీ, గుట్కాల గురించి ఎంత చెప్పినా తక్కువే గానీ, తెలియనివాళ్లెవరూ లేరు. ఒక్క సంగతి... మానేసిన ఏడాదికే గుండెజబ్బు అదనపు ముప్పు దాదాపు సగానికి దిగుతుంది. ఇరవయ్యేళ్లు తాగాను, ఇప్పుడు మానితే ఏం లాభం అనేవాళ్లకు ఇదీ జవాబు.

స్టెంట్ తర్వాత...

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి రెండు రకాల హాని జరుగుతుంది. మొదటిది, ఇంట్లోవాళ్లు ఆయన్ని గాజుబొమ్మను చేసేయడం. మంచం దిగనీయరు, చెంబు ఎత్తనీయరు. రెండోది, ఆయనే రెండు నెలలకు 'మంచిగనే ఉన్న కదా' అని మాత్రలు ఆపేయడం. ఇది ప్రాణాంతకం. స్టెంట్ అనేది లోపల పెట్టిన లోహపు వల. దాని మీద గడ్డ కట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి మరో మందు సాధారణంగా ఏడాదిపాటు వాడాలి. ఆ తర్వాత కూడా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ లాంటివి కొనసాగుతాయి. పన్ను పీకించుకోవాలన్నా సరే, గుండె డాక్టరును అడక్కుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు.

పాలమూరు వలస బతుకుల్లో మాత్రలు ఆగేది ఎక్కువగా ప్రయాణంలో. ముంబైకో పుణెకో పనికి పోతారు, తెచ్చుకున్న మాత్రలు అయిపోతాయి, అక్కడ చీటీ చదివేవాడుండడు. అందుకే పోయేముందు రెండుమూడు నెలలకు సరిపడా తీసుకోవాలి. డిశ్చార్జి కాగితం, మాత్రల పేర్లు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తారు. ఆరోగ్యశ్రీలో చేయించుకున్న కొన్ని గుండె చికిత్సలకు ఏడాదిపాటు పరీక్షలు, మందులు కూడా పథకంలోనే వస్తాయి. డిశ్చార్జి రోజే ఆరోగ్యమిత్రను అడిగి తారీఖులు రాయించుకోండి.

నడక మొదటి వారం నుంచే ఇంట్లో మొదలుపెట్టొచ్చు. రోజుకు కాస్త పెంచుకుంటూ అరగంటకు తీసుకురావాలి. గుండె బలాన్ని బట్టి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో చాలామంది పనిలో పడతారు. బస్తాలు మోయడం, మోటారు స్టార్టరు కోసం రాత్రిళ్లు పరుగెత్తడం లాంటివి డాక్టరు చెప్పాకే. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే దాంపత్య జీవితానికీ భయం అక్కర్లేదు. ఇది అడగడానికి సిగ్గుపడి ఏళ్లకేళ్లు దూరంగా ఉండిపోయే జంటలుంటాయి. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి అడిగితే డాక్టరు చెబుతారు.

తిండి విషయంలో జొన్నరొట్టె మంచిదే, అన్నం కంటే నిదానంగా అరుగుతుంది. అది తింటున్నాం కదా అని మాత్ర మానేస్తే మాత్రం లాభం లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఉప్పు దగ్గర. రోజుకు మనిషికి ఐదు గ్రాములు, అంటే ఓ చెంచాడు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మామిడికాయ తొక్కు, చల్లమిరపకాయలు, అప్పడాలు పెట్టుకుంటే అది ఒక్కపూటకే అయిపోతుంది. గుండె పంపింగ్ తగ్గినవాళ్లు పొద్దున్నే బరువు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు ఉబ్బినా, రాత్రి పడుకుంటే దమ్ము వచ్చి లేచి కూర్చోవాల్సి వచ్చినా అది ఒంట్లో నీరు చేరిన గుర్తు. అపాయింట్‌మెంట్ తారీఖు దాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.